ఇంట్లో కుట్టుకునే సాదా జాకెట్టుకు 2 బై 2 రూబియా: కొనడం నుంచి తొడుక్కోవడం దాకా

మ్యాచింగ్ సెంటర్‌లో గోడ పొడవునా పేర్చి ఉండే రంగు రంగుల తానుల్లో ఎక్కువ భాగం రూబియా అనే సాదా జాకెట్టు గుడ్డే. చీర అంచు పక్కన రెండు మూడు తానులు పెట్టి చూపిస్తారు. రంగు కుదరగానే కత్తెరతో అంచున చిన్న గాటు పెట్టి, రెండు చేతులతో పర్రున చింపి మడిచి ఇచ్చేస్తారు. ఆ చింపడంలోనే ఈ గుడ్డ గుణం సగం తెలుస్తుంది. పోగు వెంట తిన్నగా చిరిగే గుడ్డ పోగు వెంట తిన్నగా కత్తిరించడానికీ లొంగుతుంది. మొదటిసారి ఇంట్లో జాకెట్టు కుట్టబోయే చేతికి రూబియాను మించిన గుడ్డ లేదు. మిషను కింద జారదు, వేలితో నొక్కినా మడత నిలుస్తుంది, తప్పు కుట్టు విప్పితే రంధ్రాలు ఒక్క ఉతుకుకే పూడుకుపోతాయి. పట్టులోనూ శాటిన్‌లోనూ ఈ మూడూ తలకిందులే.

అయితే రూబియా అన్న పేరుతో అమ్మేదంతా ఒకటి కాదు. కొన్నాక బాధపడేకంటే కౌంటరు దగ్గరే చూసుకోవాల్సిన సంగతులు కొన్ని ఉన్నాయి.

2 బై 2 అంటే పడుగులోనూ (నిలువు పోగులు) పేకలోనూ (అడ్డ పోగులు) రెండేసి సన్న నూలు పోగులను కలిపి పురిపెట్టి నేసిన గుడ్డ అని. ఒంటి పోగుతో నేసిన వాయిల్ కంటే ఇది గట్టిది, నునుపైనది, ఉతికే కొద్దీ నూగు తక్కువ లేస్తుంది. 2 బై 1 అంటే ఒక దిక్కున మాత్రమే జంట పోగు. చేతిలో పట్టుకుంటే ఈ రెండింటికీ తేడా అంత తెలియదు. బిగుతుగా కుట్టుకుని ఆరు నెలలు వేసుకున్నాక వీపు మీద తెలుస్తుంది: ఒంటి పోగున్న దిక్కున గుడ్డ పలచబడి విడిపోతుంది. అందుకే తాను అంచున అచ్చు ఏం ఉందో చదివి తీసుకోవాలి.

ఇంకో సంగతి, 2 బై 2 అన్నది పోగు లెక్కే తప్ప నూలుకు హామీ కాదు. పాలిస్టర్ కలిపిన గుడ్డ కూడా అదే పేరుతో, అదే మడతతో వస్తుంది. కనిపెట్టడం తేలిక. చింపిన అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో వెలిగించాలి. నూలైతే కాగితం కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. పాలిస్టర్ కలిస్తే కొస కరిగి ముడుచుకుని గట్టి పూసలా మిగులుతుంది. పడుగు నుంచి ఒకటి, పేక నుంచి ఒకటి, రెండు పోగులూ విడివిడిగా చూడాలి, కలిపేది ఒక దిక్కునే కావచ్చు. కొట్లో కాల్చి చూడటం మొహమాటమైతే ఒక మూల గుప్పిట్లో గట్టిగా నలిపి వదలండి. నూలు ముడతలు పడి అలాగే ఉంటుంది, కలిపింది చాలావరకు విచ్చుకుంటుంది. ఇస్త్రీ లేకుండా వేసుకోవచ్చని కలిపిన గుడ్డను ఇష్టపడేవాళ్ళున్నారు. మే నెల ఎండలో చంకల కింద చెమట పీల్చుకోవాల్సిన బట్టకు అది సరైన ఎంపిక కాదు.

రంగు చూసేటప్పుడు చీరనూ గుడ్డనూ పట్టుకుని గుమ్మం బయటికి రండి. ట్యూబ్‌లైటు కింద ఒకటిగా కనిపించిన మెరూనూ వంగపండూ పగటి వెలుతురులో రెండు వేరు రంగులవుతాయి. నెమలికంఠం, రామా గ్రీన్, ఆనందా బ్లూ లాంటి రంగుల్లో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. మడతలో నాలుగు పొరలు కలిసి ఉన్నప్పుడు రంగు ముదురుగా ఉంటుంది కాబట్టి ఒక్క పొర విప్పి, కింద అరచెయ్యి పెట్టి చూడాలి. గీతలు కనిపించేంత పలచనైతే ఆ రంగుకు లైనింగ్ వెయ్యక తప్పదని అప్పుడే తెలిసిపోతుంది. ముదురు రంగులకు 2 బై 2 రూబియా లైనింగ్ లేకుండానే సరిపోతుంది. తెలుపు, క్రీమ్, నిమ్మపండు, లేత గులాబీ రంగులకు చాలదు.

కొలత దగ్గర ఒక్క మాట గట్టిగా చెప్పాలి: 80 సెంటీమీటర్ల ముక్క కొనకండి. రూబియా పన్నా, అంటే గుడ్డ వెడల్పు, సుమారు 36 అంగుళాలు ఉంటుంది. ఛాతీ 36, చేతులు 5 అంగుళాలు అయితే 80 ముక్కలో జాకెట్టు ఎలాగోలా వస్తుంది గాని ఒక్క తప్పుకు కూడా చోటు ఉండదు. మెడకు క్రాస్ పీసులు (ఏటవాలుగా కోసిన సన్న పట్టీలు) తీయడానికి మూలలు మిగలవు. పైగా ఉతికితే పొడవులో 2 నుంచి 4 సెంటీమీటర్లు కుంగుతుంది. మీటరు తీసుకుంటే మోచేతి దాకా చేతులు, పట్టీలు, క్రాస్ పీసులు అన్నీ హాయిగా వస్తాయి. ఛాతీ 40 దాటితేనో, ముందు భాగం క్రాస్ కట్ (ఏటవాలు కోత) వెయ్యాలంటేనో మీటరుంపావు అడగాలి.

కత్తిరించే ముందు ఉతకాలి. కొత్త గుడ్డకు మిల్లు గంజి ఉంటుంది, ఆ గంజి వల్లే కొట్లో అంత నిగనిగలాడుతుంది. గోరువెచ్చటి నీళ్ళలో రెండు గంటలు నానబెట్టి, పిండకుండా నీడలో వేలాడదీసి, కాస్త తడి ఉండగానే పోగు వెంట తిన్నగా ఇస్త్రీ చేయాలి. ఎరుపు, మెరూన్, నలుపు, నేవీ బ్లూ విడిగా నానబెట్టాలి. నీళ్ళలో ఉప్పు వేస్తే రంగు నిలిచిపోతుందన్న మాటను నమ్ముకుని తెల్ల చీర మీదికి ఎర్ర జాకెట్టు వేసుకోవద్దు. నీళ్ళు తేరుకునేదాకా రెండు మూడు సార్లు జాడించడమే మార్గం. తర్వాత తెల్ల జేబురుమాలు తడిపి గుడ్డ మీద రుద్దితే ఇంకా రంగు దిగుతోందో లేదో తెలుస్తుంది. లైనింగ్ వేసేటట్టయితే ఆ గుడ్డనూ ఇలాగే తడపాలి. పై గుడ్డ కుంగి లైనింగ్ కుంగకపోయినా, లైనింగ్ కుంగి పై గుడ్డ కుంగకపోయినా మొదటి ఉతుకుకే జాకెట్టు బుడగలు బుడగలుగా తేలుతుంది. ఇక ఇస్త్రీతో అది సర్దుకోదు.

ఉతికాక మడిచి చూస్తే ఒక్కోసారి చింపిన అంచులు కలుస్తాయి గాని పక్క అంచులు కలవవు. అంటే మిల్లులో ఆరబెట్టేటప్పుడు పేక ఏటవాలుగా జరిగిందన్నమాట. పొట్టిగా ఉన్న మూలలను ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఏటవాలుగా లాగితే రూబియా సర్దుకుంటుంది. ఆ పని మానేసి కత్తిరిస్తే వీపు భాగం వేసుకున్నాక ఒక పక్కకు తిరుగుతుంది. కుట్టులో తప్పెక్కడుందా అని ఎంత వెతికినా దొరకదు, తప్పు గుడ్డలో ఉంటుంది.

కొలతలు, కోత

ఆది జాకెట్టు ఉంటే దాన్ని తిరగేసి, హుక్స్ పెట్టి, పరిచి కొలవడమే మంచి పద్ధతి. ఒంటి మీద టేపుతో కొలిస్తే ఊపిరి పీల్చినప్పుడొకటి, వదిలినప్పుడొకటి వస్తుంది. ఉదాహరణకు ఛాతీ 36, నడుము 30, పొడవు 14, భుజం 14 అంగుళాలు అనుకుందాం.

వీపు భాగానికి గుడ్డను నిలువుగా మడిచి, మడత వైపు నుంచి వెడల్పు 10 అంగుళాలన్నర పెట్టాలి. అందులో 9 ఛాతీలో నాలుగో వంతు, మిగిలిన అంగుళంన్నర పక్క మార్జిన్. పొడవు 15 అంగుళాలన్నర: 14 జాకెట్టుది, అర అంగుళం భుజం కుట్టుకు, ఒక అంగుళం కింద మడతకు. భుజం మడత నుంచి 7 అంగుళాలు, మెడ వెడల్పు 3, చంక లోతు ఆరున్నర. వెనక మెడ 6 లేదా 7 అంగుళాల లోతు అయితే ఈ లెక్కలు చాలు. 8 దాటి దింపాలంటే భుజం 7 నుంచి ఆరున్నరకు తగ్గించాలి. వెనక పట్టు తగ్గినప్పుడు భుజాలు బయటికి జారతాయి, ఆ జారే అర అంగుళాన్ని ముందే తీసేస్తున్నామన్నమాట. తాళ్ళు పెట్టినంత మాత్రాన ఈ జారుడు పూర్తిగా ఆగదు.

ముందు భాగం రెండు ముక్కలు. వెడల్పు పదకొండున్నర, పొడవు భుజం నుంచి 13, కింద నడుము పట్టీకి మూడున్నర అంగుళాల వెడల్పున, తొమ్మిదిన్నర పొడవున నాలుగు ముక్కలు, పైకి రెండు, లోపలికి రెండు. ముందు చంకను వీపు చంక కంటే అర అంగుళం లోపలికి తవ్వాలి. చెయ్యి ముందుకే ఎక్కువ కదులుతుంది, ఆ చోట గుడ్డ మిగిలితే చంక ముందు ఎప్పుడూ ముడత నిలబడి ఉంటుంది. క్రాస్ కట్‌లో ముందు భాగాన్ని ఏటవాలుగా పరిచి కోస్తారు. ఒంటికి బాగా అతుకుతుంది, నిజమే. మొదటి జాకెట్టుకు మాత్రం నిలువు పోగు మీదే కోయండి. ఏటవాలు ముక్క కుట్టేటప్పుడు సాగి, ఎడమది ఒక పొడవూ కుడిది ఒక పొడవూ అవుతుంది.

కోసిన వెంటనే మెడ, చంక వంపుల చుట్టూ అంచుకు అర సెంటీమీటరు లోపల ఒక వరస కుట్టు వేసి పెట్టుకుంటే ఆ వంపులు చేతుల్లో నలిగి సాగవు. ముందు మెడ వదులై నోరు తెరుచుకున్న జాకెట్లలో చాలావాటికి కారణం కోత కాదు, ఈ సాగుడే. రెండు నిమిషాల పని. దీన్ని వదిలేయొద్దు.

కుట్టు

రూబియాకు 14 నంబరు సూది, మామూలు స్పన్ దారం, అంగుళానికి 10 నుంచి 12 కుట్లు. తొక్కుడు మిషనైనా మోటారు మిషనైనా తిన్నటి కుట్టు ఒక్కటి బాగా పడితే చాలు. మిగిలిన ముక్కను రెండు పొరలుగా మడిచి ఒక చెయ్యెడు కుట్టి చూడండి. కుట్టు వెంట గుడ్డ కుచ్చుకుపోతే దారం బిగుతు ఎక్కువైంది. అడుగున ఉంగరాలు తేలితే తప్పు బాబిన్‌లో కాదు, పై దారం సరిగ్గా ఎక్కలేదు. దారం ఎక్కించేటప్పుడు గుడ్డను నొక్కి పట్టే మిషను పాదం పైకెత్తి ఉండాలి, అప్పుడే బిగింపు పళ్ళేల మధ్యకు దారం దిగుతుంది.

డాటు అంటే ఒంటి గుండ్రం కోసం గుడ్డను మడిచి, కొసకు సన్నబడేలా వేసే కుట్టు. నాలుగు డాట్ల జాకెట్టులో అసలు పనితనం కనిపించేది డాట్ల కొసల్లో. రొమ్ము మొన భుజం నుంచి 9 అంగుళాలన్నర, 10 మధ్య ఉంటుంది, ముందు మధ్య గీత నుంచి 4 అంగుళాలకు కాస్త తక్కువ. కింది డాటు అడుగున రెండు అంగుళాలు, అంటే మడిచాక అంగుళం, ఎత్తు సుమారు రెండున్నర అంగుళాలు. పక్క డాటు మడిచాక అర అంగుళం, చంక డాటూ ముందు పట్టీ వైపు డాటూ పావు అంగుళం చొప్పున. నాలుగూ ఆ మొన వైపే చూడాలి గాని ఏదీ మొనను తాకకూడదు, ముప్పావు అంగుళం ఇవతలే ఆగాలి.

ఇక్కడ చెయ్యి నెమ్మదించాలి. డాటును వెడల్పు వైపు నుంచి మొదలుపెట్టి, మొదట్లో రెండు కుట్లు వెనక్కి కుట్టి, చాక్ గీత మీదుగా సన్నబడుతూ రావాలి. చివరి అర అంగుళంలో చక్రం చేత్తో తిప్పండి. ఆఖరి మూడు నాలుగు కుట్లు మడత అంచు మీదే, ఒక్క పోగు మాత్రమే సూదికి చిక్కేలా పడాలి. అక్కడ వెనక్కి కుట్టకూడదు. దారాలు రెండంగుళాలు వదిలి తెంపి, రెండింటినీ కలిపి చేత్తో ముడి వేయాలి. కొసలో వెనక్కి కుడితే అక్కడ దారం గుట్టగా పేరుకుని, ఇస్త్రీ చేసినా అణగని ముక్కులా పైకి పొడుచుకొస్తుంది. పట్టు మీదైతే మెరుపులో కలిసిపోతుందేమో గాని, రూబియా మెరుపు లేని సాదా గుడ్డ కాబట్టి నడిచి వస్తుంటేనే కనిపిస్తుంది. కుట్టాక తువ్వాలు ఒకటి గట్టిగా చుట్టి, దాని మీద డాటు కొస ఉంచి ఇస్త్రీ చేయండి. బల్ల మీద పరిచి నొక్కితే ఇచ్చిన గుండ్రం కాస్తా చదునైపోతుంది.

డాట్లయ్యాక నడుము పట్టీ రెండు పొరల మధ్య ముందు భాగం అంచును పెట్టి కుట్టాలి. కింది డాటు వేశాక ముందు భాగం అడుగు వెడల్పూ పట్టీ పొడవూ తొమ్మిదిన్నర దగ్గర కలవాలి. కలవకపోతే పట్టీని సాగదీసి కలపకండి, డాటును ఒక్క పోగు అటూ ఇటూ జరపండి. తర్వాత కుడివైపు హుక్స్ పట్టీ లోపలికి మడత, ఎడమవైపు కాజా పట్టీ (హుక్స్ తగిలించేది) బయటికి అంగుళం వచ్చేలా. రెండు ముందు భాగాలనూ పక్కపక్కన పెట్టి, మెడ దగ్గరా పట్టీ కీలు దగ్గరా ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఇక్కడ అర సెంటీమీటరు తేడా వస్తే హుక్స్ పెట్టాక అది మెట్టులా కనిపిస్తుంది, దాచడానికి దారి లేదు.

భుజాలు కలిపి, మెడకు క్రాస్ పీసు వేయాలి. అంగుళంపావు వెడల్పు, పోగుకు ఏటవాలుగా సరిగ్గా మూల నుంచి మూలకు. తిన్నటి పట్టీ వేస్తే మెడ వంపులో ముడతలు పడుతుంది. క్రాస్ పీసును వంపు దగ్గర రవ్వంత లాగి పట్టి కుట్టి, అంగుళానికి రెండు చొప్పున చిన్న గాట్లు పెట్టి, లోపలికి తిప్పి చేత్తో హెమ్మింగ్ చేయాలి. సూది పై గుడ్డలో ఒక్క పోగునే తీసుకుంటే బయటికి చుక్క కూడా కనిపించదు. మిషను మీద లాగించేస్తే పని తొందరగా అవుతుంది గాని సాదా గుడ్డ మీద ఆ కుట్టు గీత మెడ చుట్టూ కనిపిస్తూనే ఉంటుంది.

చేతుల దగ్గర చాలామంది ఓడిపోతారు. ముందు, వీపు చంకల కుట్టు గీతను టేపు అంచు నిలబెట్టి కొలవండి, పరిచి కాదు. రెండూ కలిపి 15 అంగుళాలన్నర వచ్చిందనుకుంటే, చెయ్యి గుండ్రం, అంటే చంకకు అతికే పై వంపు పొడవు, పదహారుకు మించకూడదు. చేతి లోతు, అంటే ఆ వంపు ఎత్తు, 3 అంగుళాలు పెట్టుకుని, వంపు ఆ కొలతకు సరిపడేలా వెడల్పు నిర్ణయించాలి. ముందు వైపు వంపు వెనక దానికంటే అర అంగుళం ఎక్కువ తవ్వాలి. కోసిన క్షణమే ముందు వైపున చాక్‌తో గుర్తు పెట్టాలి. రూబియాకు ఉల్టా సీదా తేడా పెద్దగా తెలియదు, రెండు చేతులూ ఒకే వైపువి అయిపోవడం ఈ గుడ్డతో జరిగే మామూలు పొరపాటు. అతికించేటప్పుడు చెయ్యి మధ్య గాటును భుజం కుట్టు మీద పెట్టి, అక్కడి నుంచి ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి కుట్టండి. ఒక చివర నుంచి మొదలుపెట్టి రెండో చివరకు లాక్కుపోతే మిగిలిన గుడ్డంతా చంకలో కుప్ప అవుతుంది.

పక్క కుట్లు వేసే ముందు కచ్చా కుట్టు (తర్వాత విప్పేసే వదులు కుట్టు) వేసి తొడుక్కుని చూడాలి. చేతులు పైకెత్తినప్పుడు జాకెట్టు మొత్తం లేస్తుంటే చంక లోతు ఎక్కువైంది, అది పక్క కుట్టు బిగించినంత మాత్రాన పోదు. రొమ్ము నుంచి చంకకు ఏటవాలు ముడత లాగుతుంటే పక్క డాటో చంక డాటో చాల్లేదు, విప్పి పావు అంగుళం పెంచండి. హుక్స్ మధ్య గుడ్డ చీలుతుంటే ఛాతీ దగ్గర బిగుతు, పక్క వదలాలి. పక్కన వదిలిన అంగుళంన్నర మార్జిన్‌ను ఎప్పుడూ కోసేయొద్దు. అందులోనే అర అంగుళం ఎడంగా ఇంకో రెండు కుట్లు వేసి పెట్టుకుంటే, ఒళ్ళు వచ్చినప్పుడు లోపలి కుట్టు విప్పితే చాలు.

హుక్స్ ఆరు పెట్టండి, అయిదు కాదు. మొదటిది మెడ అంచుకు పావు అంగుళం కింద, ఒకటి సరిగ్గా ఛాతీ గీత మీద, చివరిది నడుము పట్టీ మీద. మిగతావి వాటి మధ్య సర్దుకుంటాయి. ఛాతీ గీత మీద హుక్ లేకపోతే ఎంత బాగా కుట్టిన జాకెట్టైనా అక్కడ నోరు తెరుస్తుంది.

ఈ గుడ్డలో లోపాలు

రూబియాకు సాగుడు లేదు. ఊపిరాడనంత బిగుతుగా వేసుకునే అలవాటు ఉంటే ఇది సరిపడదు, వీపు మీద చంక కుట్టు పక్కనే పోగు విడిపోతుంది. చంక కింద చెమటకు రంగు వెలుస్తుంది, ముదురు రంగుల్లో రెండు వేసవులకే తెల్లటి చంద్రవంక పడుతుంది. అంచులు పోగులు ఊడతాయి కాబట్టి లోపల ఓవర్‌లాక్ చేయించాలి, లేకపోతే అంచు మడిచి కుట్టాలి. ఇస్త్రీ లేకుండా వేసుకుంటే బాగుండదు. గంజి మాత్రం పెట్టొద్దు, బిరుసెక్కిన మడతల దగ్గర పోగు తెగుతుంది, డాట్ల గుండ్రం కూడా పోతుంది.

దీని పక్కన పాప్లిన్ చవకగా దొరుకుతుంది, లైనింగ్ అక్కర్లేదు. ఒంటికి అంటుకోకుండా బిరుసుగా నిలబడుతుంది కాబట్టి చేతి అంచు ఎడంగా లేస్తుంది. ఫుల్ వాయిల్ లైనింగ్‌కు తప్ప ఒంటరిగా పనికిరాదు. మీటర్ల లెక్కన అమ్మే మంగళగిరి నూలు గుడ్డ రూబియా కంటే అందమైనది, జరీ అంచును చేతులకు తెచ్చుకోవచ్చు. కాకపోతే చేనేత కాబట్టి ఎక్కువ కుంగుతుంది, రెండుసార్లు తడిపి తీరాలి. అంచు తిన్నగా ఉండాలి కాబట్టి చేతి అడుగును వంపుగా కోయడానికి వీలుండదు. పెడన అచ్చు కలంకారీ తీసుకుంటే ముందు రెండు భాగాల మీదా అద్దకం ఒకే ఎత్తులో కలవాలి, దానికి పావు మీటరు అదనంగా కావాలి. రూబియా మీద రెండు జాకెట్లు కుట్టాక వీటి జోలికి వెళ్ళడం మంచిది.

ఏ చీర మీదికి

మెరుపు లేని గుడ్డ కాబట్టి మెరుపు లేని చీరల పక్కన రూబియా బాగా కుదురుతుంది. నారాయణపేట నూలు గళ్ళ చీర మీదికి అంచు రంగు జాకెట్టు, మోచేతికి రెండంగుళాలు పైదాకా చేతులు, మెడ గుండ్రం, ఇంకేమీ అక్కర్లేదు. పోచంపల్లి ఇక్కత్‌లో ఇప్పటికే రంగులూ గీతలూ నిండి ఉంటాయి, దానిలో అన్నిటికన్నా తక్కువగా ఉన్న రంగును వెతికి ఆ రంగు సాదా జాకెట్టు వేస్తే చీర తేటగా కనిపిస్తుంది. పొందూరు ఖద్దరు మీదికి తెలుపుకు తెలుపు వెతకొద్దు. ఖద్దరు తెలుపు పాల తెలుపు కాదు, పక్కన మిల్లు తెలుపు పెడితే చీర మాసినట్టుంటుంది. ఇటుక ఎరుపో ముదురు ఆకుపచ్చో వేసుకోవాలి.

గద్వాల్ చీర దగ్గర ఆలోచించాలి. ఒళ్ళు నూలు, అంచూ పైటకొంగూ పట్టు. అంచు రంగులో రూబియా కొంటే రంగు కలుస్తుంది గాని పట్టు మెరుపు పక్కన గుడ్డ వెలవెలబోతుంది. ఒంటి రంగులో రూబియా తీసుకుని, చేతి అంచుకు సన్నటి జరీ లేసు అర అంగుళం వెడల్పున వేస్తే రెండూ సర్దుకుంటాయి. లేసును కూడా గుడ్డతో పాటు ముందే తడపాలి. తడపకుండా కుడితే ఉతికాక లేసు కుంగి చేతి అంచు కుచ్చులా ముడుచుకుంటుంది. పూర్తి పట్టు చీరల మీదికి రూబియా వద్దు.

సాదా జాకెట్టుకు అందం తెచ్చేవి కొలతలోని చిన్న తేడాలు. చేతి లూజు ఒంటికీ గుడ్డకూ మధ్య ఒక వేలు దూరేంత ఉండాలి, రెండు వేళ్ళు దూరితే చెయ్యి పలచగా, గుడ్డ పెద్దగా కనిపిస్తుంది. మెడ పొట్టిగా ఉన్నవాళ్ళకు ముందు మెడ గుండ్రం కంటే వి ఆకారం, అదీ 6 అంగుళాలు దాటకుండా నప్పుతుంది. మెడ అంచున పైపింగ్ కావాలంటే వేరే రంగు కొనక్కర్లేదు. చీర కొంగు చివర కత్తిరించగా మిగిలిన పీలిక ఉంటే దాన్నే అంగుళం వెడల్పున ఏటవాలుగా కోసి వేసుకోండి. కుట్టడం పూర్తయ్యాక జాకెట్టును తిరగేసి చల్లటి నీళ్ళలో ఒకసారి జాడించి, చాక్ గుర్తులు పోయాక, తడి ఉండగానే లోపలి వైపు నుంచి ఇస్త్రీ చేసి తొడుక్కోవాలి. ఆరబెట్టడం ఎప్పుడూ నీడలోనే, తిరగేసే.